ఓడిపోని ప్రయోగం



ప్రేమను శాస్త్రీయంగా రుజువు చెయ్యవచ్చా? ఈ ప్రశ్న పట్టుకుని జపాన్ వాళ్లు ఏకంగా ఒక బొమ్మల ధారావాహికే తీశారు. 2020 జనవరి నుంచి మార్చి దాకా 12 భాగాలు, మళ్లీ 2022లో ఇంకో 12 భాగాలు వచ్చాయి. జపనీస్‌లో దాని పేరు చాలా పొడుగు. అభిమానులు కుదించి ‘రికెకోయ్’ అంటారు. ఇంగ్లీషులో ‘సైన్స్ ఫెల్ ఇన్ లవ్, సో ఐ ట్రైడ్ టు ప్రూవ్ ఇట్’ అని పేరు పెట్టారు. అలిఫ్రెడ్ యమమోతో గీసిన కామిక్ కథను జీరో-జీ అనే స్టూడియో తెరకెక్కించింది.

ఇలాంటి జపాన్ బొమ్మల కథల్ని అనిమే అంటారని మీ ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లల్ని అడిగితే చెబుతారు. ఒకప్పుడు అనిమే అంటే మన ఇళ్లలో షిన్‌చాన్, డోరేమాన్ మాత్రమే. అవి చూసిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాళ్లతోపాటు వాళ్లు చూసే కథలూ ఎదిగాయి. 2025లో ‘డీమన్ స్లేయర్’ సినిమా తెలుగు మాటలతో మన థియేటర్లకే వచ్చింది. కాబట్టి ఏ తెలుగు సినిమా గురించైనా మాట్లాడుకున్నట్టే వీటి గురించీ మాట్లాడుకోవచ్చు. బాగుంటే బాగుందనీ, లేకపోతే ఎందుకు లేదో చెప్పుకోవచ్చు. రికెకోయ్ నన్ను నిరాశపరిచింది. ఎందుకు నిరాశపరిచిందో చెప్పి, అదే కొలతతో మన సినిమాల్నీ, ముఖ్యంగా మన విశాఖపట్నంలో జరిగే ప్రేమకథల్నీ ఈ పూట చూద్దామని నా ఆలోచన.

ముందు కథ చెబుతాను. ఒక విశ్వవిద్యాలయంలో ఇకేదా అనే ప్రొఫెసర్ గారి ప్రయోగశాల. అందులో పరిశోధన చేస్తున్న పీజీ విద్యార్థులు ఇద్దరు, అమ్మాయి హిమురో, అబ్బాయి యుకిమురా. ఒకరోజు పనిలో ఉండగానే హిమురో, “నాకు నీ మీద ప్రేమ కలిగినట్టుంది” అంటుంది. ఇంకెవరైనా అయితే సిగ్గుపడతారు, సంతోషపడతారు, పారిపోతారు. యుకిమురా మాత్రం “ఆధారం ఏమిటి?” అని అడుగుతాడు. ఆమెకు అది తప్పుగా తోచదు, పైగా సబబైన ప్రశ్నే అనిపిస్తుంది. ఇక ఇద్దరూ కూర్చుని ప్రేమకు నిర్వచనం రాయడం, షరతుల జాబితా తయారుచెయ్యడం, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కొలవడం మొదలుపెడతారు. డిగ్రీ చదివే కనాదే అనే అమ్మాయి అదే ల్యాబ్‌లో ఉంటుంది. ఆమె మామూలు మనిషి గనక ఆమె స్పందనల్ని పోలిక కోసం వాడుకుంటారు. మధ్యమధ్య ఒక ఎలుగుబంటి బొమ్మ వచ్చి, ఆ భాగంలో వాడిన గణిత సూత్రాన్నో శాస్త్ర సిద్ధాంతాన్నో మనకు వివరించి వెళుతుంది.

ఎత్తుగడ ఎంత బాగుందో చూడండి. అనిమేల్లో ప్రేమకథలు ఎక్కువగా హైస్కూలు పిల్లల చుట్టూ తిరుగుతాయి. విశ్వవిద్యాలయానికి వచ్చేవి కొద్ది. అందులోనూ ల్యాబ్ కోటు వేసుకున్న పరిశోధకుల ప్రేమ మరీ అరుదు. చదువు తలకెక్కినవాళ్లకు జీవితంలో అన్నీ లెక్కలుగానే కనిపిస్తాయన్నది మనందరికీ తెలిసిన సరదా నిజం. ఇంజనీరింగ్ చదివిన మేనల్లుడు పెళ్లి భోజనాల వరసలో నిలబడి, ఏ వరస ముందు కదులుతుందో లెక్క కట్టడం మనం చూస్తూనే ఉంటాం. హాస్యానికి ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? రెండో విడత పేరులో ఒక సూత్రమే పెట్టారు. ఆ సూత్రానికి గ్రాఫు గీస్తే గుండె ఆకారం వస్తుంది. గణితంలో దాన్ని కార్డియాయిడ్ అంటారు. ఇంత తెలివి ఉన్న కథ ఎక్కడ జారిపోయింది?

మొదటి భాగంలోనే జారిపోయింది. ఎందుకంటే వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని మనకు మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఆమె చెయ్యి పట్టుకుంటే అతని గుండె పరిగెత్తుతుంది, అతను దగ్గరికి వస్తే ఆమె ముఖం ఎర్రబడుతుంది. తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లిద్దరే. ఆ తర్వాత ఎన్ని ప్రయోగాలు చేసినా ఫలితం ఒక్కటే. పెళ్లిచూపులకు ముందే శుభలేఖలు అచ్చేసి పెట్టుకున్న ఇల్లులా ఉంటుంది ఆ కథ. అమ్మాయి నచ్చిందా లేదా అని ఎవరూ ఊపిరి బిగబట్టనక్కర్లేదు.

శాస్త్రం తెలిసినవాళ్లు ఎవరైనా ఒప్పుకునే మాట ఒకటుంది. ఓడిపోయే అవకాశం లేని ప్రయోగం ప్రయోగమే కాదు. మన ఊహ తప్పని తేలే దారి తెరిచి ఉంచితేనే దాన్ని పరీక్ష అంటారు. ఏ ఫలితం వచ్చినా “చూశారా, నేను చెప్పిందే నిజం” అనగలిగితే అది నమ్మకం అవుతుంది గానీ పరిశోధన కాదు. నా దృష్టిలో ప్రేమ హాస్యానికీ ఇదే సూత్రం. ఈ ప్రేమ చెడిపోవచ్చు, ఆ అమ్మాయి కాదనవచ్చు, ఈ కుర్రాడు తనను తాను తప్పుగా అర్థం చేసుకుని ఉండవచ్చు అన్న దారి ఒకటి తెరిచి ఉండాలి. ఆ దారి మూసేస్తే ఎంత తెలివైన మాటలు రాసినా నవ్వు పైపైనే ఉండిపోతుంది.

గుండె వేగం కొలవడం సంగతే తీసుకోండి. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కెనడాలోని వాంకూవర్ దగ్గర ఒక ప్రయోగం చేశారు. లోయ మీద ఊగిపోయే వేలాడే వంతెన ఒకటి, గట్టిగా స్థిరంగా ఉండే మామూలు వంతెన ఒకటి. రెండింటి దగ్గరా ఒక యువతి నిలబడి, వంతెన మీదున్న మగవాళ్లను కొన్ని ప్రశ్నలు అడిగి, తన ఫోన్ నంబరు ఇచ్చింది. ఊగే వంతెన మీద కలిసినవాళ్లే ఎక్కువమంది తర్వాత ఆమెకు ఫోన్ చేశారు. భయంతో కొట్టుకున్న గుండెను వాళ్లు ఇష్టమని పొరబడి ఉంటారని ఆ పరిశోధకులు భావించారు. గుండె దడకు అర్థం ఒక్కటే కాదన్నమాట. కైలాసగిరి మెట్లెక్కినా కొట్టుకుంటుంది, వైవా గది బయట నిలబడినా కొట్టుకుంటుంది, పక్కన ఇష్టమైన మనిషి ఉన్నా కొట్టుకుంటుంది. ఏ దడ దేనిదో తేల్చుకోలేకపోవడంలోనే బోలెడంత నవ్వుంది, కాస్త దుఃఖమూ ఉంది. ఇలాంటి అనుమానం ఒక్కటి హిమురో మనసులో నిజంగా నాటుకుని ఉంటే ఆ ధారావాహిక నిలబడేది. “నాకు ఇతనంటే ఇష్టమా, లేక రాత్రీపగలూ ఒకే గదిలో పనిచేస్తున్నాం కాబట్టి అలవాటా?” ఈ ప్రశ్న ప్రతి పరిశోధనశాలలోనూ ఎవరో ఒకరు వేసుకున్నదే కదా. రచయిత దాన్ని గట్టిగా పట్టుకోలేదు.

ఇక్కడ మన విశ్వవిద్యాలయపు పూర్వ విద్యార్థి ఒకాయన్ని తలుచుకోవాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, సి.ఆర్. రావు అంటే ప్రపంచమంతా గుర్తుపడుతుంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేసి, కలకత్తా వెళ్లి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో ఆయన ప్రచురించిన వ్యాసంలో ఒక గొప్ప ఫలితం ఉంది. చేతిలో ఉన్న సమాచారంతో మనం ఒక అంచనా కడతాం. పక్షపాతం లేని అంచనా ఎంత జాగ్రత్తగా కట్టినా, దాని అనిశ్చితి ఒక హద్దు దాటి తగ్గదని ఆయన చూపించారు. స్వీడన్‌కు చెందిన క్రామర్ పేరు కూడా కలిపి దీన్ని క్రామర్–రావు హద్దు అంటారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ హద్దు గురించి ఎందుకు చెబుతున్నానంటే, లెక్కలు తెలిసినవాడికే లెక్క ఎక్కడ ఆగిపోతుందో బాగా తెలుస్తుంది. రికెకోయ్‌లో ఉన్నవాళ్లకు సూత్రాలన్నీ తెలుసు, ఆ హద్దు మాత్రం తెలియదు. ఎంత కొలిచినా కొంత పొరపాటు మిగిలే ఉంటుంది. అవతలి మనిషి మనసు గురించి మనం కట్టే అంచనాలో అది మరీ ఎక్కువ. ప్రేమ హాస్యం బతికేది ఆ మిగిలిన పొరపాటు మీదే. దాన్ని కథలోంచి తీసేస్తే మిగిలేది సూత్రాల పాఠం, దాని పక్కన ఎర్రబడిన ముఖాలు.

రెండో లోపం కూడా చెప్పాలి. పేరుకు అది పరిశోధనశాల. కానీ అక్కడి పరిశోధన ఎవరినీ ఇరకాటంలో పెట్టదు. మన ఏయూలో, అంటే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల్ని అడగండి, ల్యాబ్ జీవితం అంటే ఏమిటో చెబుతారు. గైడ్ గారు ఊళ్లో ఉండరు, ఉన్నప్పుడు పరికరం పనిచెయ్యదు. ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి రావు, మెస్ బిల్లు మాత్రం నెల నెలా వస్తుంది. ఇంట్లో తమ్ముడు ఉద్యోగంలో చేరిపోయాడు, నీ చదువు ఎప్పుడవుతుందని నాన్న ఫోన్‌లో ఒకే ప్రశ్న అడుగుతాడు. ఇలాంటి సమయంలో ప్రేమ వచ్చిందంటే అది సమస్య. చదువు ప్రేమకు అడ్డం, ప్రేమ చదువుకు అడ్డం. రికెకోయ్‌లో ప్రొఫెసర్ గారి ల్యాబ్‌ను ప్రేమ ప్రయోగాలకు వాడుకుంటూ ఉన్నా కథలో ఎవరి బతుకూ తలకిందులు కాదు. అటు శాస్త్రానికి నష్టం లేదు, ఇటు ప్రేమకూ లేదు. నష్టం లేనిచోట మనం ఎవరి వైపు నిలబడి చూడాలి?

జపాన్ వాళ్లకు ఈ విద్య తెలియదని మాత్రం అనుకోకండి. ‘నోడమే కాంటాబిలే’ అని 2007లో మరో ధారావాహిక వచ్చింది. తొమోకో నినోమియా కామిక్ దానికి మూలం. అది సంగీత కళాశాల కథ. చియాకి అనే విద్యార్థికి ఐరోపా వెళ్లి ఆర్కెస్ట్రా నడిపించాలని కోరిక. అంత క్రమశిక్షణ ఉన్న మనిషికి విమానం ఎక్కాలంటే చచ్చేంత భయం. పక్కింట్లో నోడమే అనే అమ్మాయి ఉంటుంది. ఇల్లంతా చెత్త, చేతుల్లో మాత్రం అద్భుతమైన పియానో. అతని క్రమశిక్షణ ఆమెను వేధిస్తుంది, ఆమె స్వేచ్ఛ అతన్ని వేధిస్తుంది. ప్రతి కచేరీలోనూ ప్రేమ, సంగీతం రెండూ ఒకేసారి పరీక్షకు నిలబడతాయి. ‘హనీ అండ్ క్లోవర్’ అనే మరో కథలో ఆర్ట్ కాలేజీలో చదివే కుర్రాళ్లు. ఎవరు ఎవర్ని ప్రేమిస్తే వాళ్లు ఇంకొకర్ని ప్రేమిస్తుంటారు. చదువు అయిపోతున్నా ఏం చెయ్యాలో తోచక, ఒక కుర్రాడు సైకిలెక్కి దేశం ఉత్తర కొసదాకా తొక్కుకుంటూ పోతాడు. ఈ రెండు కథల్లోనూ నవ్వు ఉంది, ఓటమి ఉంది. ఆ ఓటమే నవ్వుకు బలం ఇచ్చింది.

ఇక మన ఇంటికొద్దాం.

మన తెలుగు కాలేజీ ప్రేమకథల్లో చాలావాటికి రికెకోయ్ జబ్బే ఉంది, లక్షణాలు వేరు అంతే. మన కథానాయకుడు ఆధారం అడగడు. అమ్మాయి కనబడిన మరుక్షణం నిర్ణయం అయిపోతుంది. ఆమె వద్దంటే ఆ మాటకు విలువ లేదు, ‘ఇంకా ఔననలేదు’ అని మాత్రమే లెక్క. బస్సు వెంట, క్లాసు వెంట, ఇంటి వెంట తిరుగుతాడు. తిరిగిన కొద్దీ ఫలితం దగ్గరపడుతుందని తెర మీద ఏళ్లుగా నేర్పారు. ఇదీ ఓడిపోని ప్రయోగమే. పైగా ఎదుటి మనిషి మాటను సమాచారం కింద లెక్కపెట్టని ప్రయోగం. జపాన్ కథలో అమ్మాయి సిగ్గు మీద జోకులు పదే పదే వేసి విసిగించారు. మన దగ్గర అమ్మాయి కాదనడం మీద వేశారు. రెండు చోట్లా ఆమె జవాబు ముందే రాసేసి ఉంటుంది.

అలాగని మన చేతుల్లో మంచి ఉదాహరణలు లేవా? ఉన్నాయి. అందులో కొన్ని ఈ ఊరి గాలి పీల్చినవే.

1978లో కె. బాలచందర్ తీసిన ‘మరో చరిత్ర’ సంగతి చెప్పకుండా విశాఖలో ప్రేమ గురించి ఎవరూ మాట్లాడలేరు. అది విషాదం, హాస్యం కాదు. నిజమే. కానీ నేను చెబుతున్న సూత్రం అందులో ఎంత స్పష్టంగా ఉందో చూడండి. తమిళ కుర్రాడు బాలు, తెలుగమ్మాయి స్వప్న, పక్కపక్క ఇళ్లు. భాషలు వేరు, ఆచారాలు వేరు, పెద్దవాళ్లకు పడదు. రేవు ఉన్న ఊరు కాబట్టి, ఉద్యోగాల కోసం నాలుగు భాషలవాళ్లు వచ్చి స్థిరపడిన ఊరు కాబట్టి ఆ ఇరుగుపొరుగు ఇక్కడ సహజంగా కుదిరింది. చివరికి పెద్దవాళ్లు ఒక షరతు పెడతారు. ఏడాదిపాటు కలుసుకోకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు. ఆ తర్వాత కూడా ప్రేమ ఉంటే పెళ్లి చేస్తాం. ఇంతకన్నా కచ్చితమైన ప్రయోగం ఏముంది? కాలవ్యవధి ఉంది, నియమం ఉంది, ఫలితం ఎవరికీ తెలియదు. బాలు హైదరాబాదు వెళతాడు, అక్కడ ఇంకో స్త్రీ పరిచయమవుతుంది, ఒక దశలో మనసు మారేలా కనిపిస్తుంది కూడా. చూసేవాడికి నిజంగా భయం వేస్తుంది. కమల్‌హాసన్, సరిత నటించిన ఆ నలుపు తెలుపు సినిమా మద్రాసులో అనువాదం లేకుండా తెలుగులోనే ఏడాది దాటి ఆడింది. అక్కడి ప్రేక్షకులకు మాటలన్నీ తెలిసి ఉండక్కర్లేదు, పరీక్ష మాత్రం తెలిసింది.

అదే పేరుతో 2010లో వరుణ్ సందేశ్ కథానాయకుడిగా మళ్లీ తీశారు. అది నిలబడలేదు. కారణాలు చాలా ఉండవచ్చు గానీ నాకు తోచినది ఒకటి. 1978లో ఏడాది ఎడబాటు అంటే నిజమైన ఎడబాటు. ట్రంకు కాల్ బుక్ చేసుకుని గంటలు కూర్చునే రోజులు, ఉత్తరం రాకపోతే మనిషి ఉన్నాడో లేడో తెలియని రోజులు. చేతిలో సెల్‌ఫోను ఉన్న కాలంలో అదే షరతు పెడితే ప్రయోగం బలహీనపడుతుంది. కథను తిరిగి తీయడమంటే కొత్త కాలానికి కొత్త పరీక్షను కనిపెట్టడం. పాత సన్నివేశాలకు కొత్త రంగులద్దితే సరిపోదు.

హాస్యం విషయానికి వస్తే 1984లో జంధ్యాల తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’ను మించిన పాఠం లేదు. పొత్తూరి విజయలక్ష్మి గారి నవల దానికి ఆధారం. ఒక అమ్మాయి ఊహలో ఉన్న భర్తకు సరదాగా ఉత్తరం రాసి పోస్టు చేసేస్తుంది. అది ఎవరో తెలియని కుర్రాడి చేతిలో పడుతుంది. రాసినామె ఎవరో అతనికి తెలియదు, చదివినవాడు ఎవరో ఆమెకు తెలియదు. అతని దగ్గర ఉన్న సమాచారమంతా కొన్ని కాగితాలు, ఒక దస్తూరి. ఆ కొంచెంతో ఒక మనిషిని ఊహించుకుని వెతుకుతాడు. చూస్తున్నంతసేపూ సినిమా అంతా తప్పు అంచనాలే, ఒక్కో తప్పూ ఒక్కో నవ్వు. సి.ఆర్. రావు గారి హద్దు ఆ సినిమాలో ఎవరూ పలకరు, కానీ కథంతా దాని మీదే నడుస్తుంది.

మూడోది 2017లో శివ నిర్వాణ తీసిన ‘నిన్ను కోరి’. ఇది మన విశ్వవిద్యాలయానికి నేరుగా సంబంధించిన కథ. నాని వేసిన ఉమామహేశ్వరరావు పాత్ర ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు. నివేదా థామస్ వేసిన పల్లవికి అతనంటే ప్రేమ. ఆమె తండ్రికి స్థిరపడిన అల్లుడు కావాలి. చదువు పూర్తి చేసుకు వస్తానని ఉమ ఊరు విడిచి వెళతాడు, ఈలోగా ఆమెకు వేరొకరితో పెళ్లి జరిగిపోతుంది. చూశారా, ఇక్కడ పీహెచ్‌డీ అనేది పాత్ర పేరు పక్కన తగిలించిన అలంకారం కాదు. ఆ చదువే ప్రేమను ఓడించింది. తర్వాత అమెరికాలో, పల్లవికి ఆ పెళ్లిలో సంతోషం లేదని అతను వాదిస్తాడు, ఉందో లేదో నువ్వే వచ్చి చూడమని ఆ దంపతులు ఇంటికి పిలుస్తారు. కొద్దిరోజులు వాళ్లింట్లో ఉండి కళ్లారా చూస్తాడు. చివరికి తన ఊహ తప్పని ఒప్పుకుంటాడు. పరిశోధకుడి మర్యాద అంటే ఇదీ. తనకు అనుకూలం కాని ఫలితాన్ని తలవంచి స్వీకరించడం. యుకిమురా ల్యాబ్ కోటు వేసుకుని కూడా చెయ్యని పనిని ఉమ చేశాడు. ఆ సినిమాలో లోపాలు లేవని అనను. అమెరికా వెళ్లాక కథ కొంచెం నెమ్మదించింది. కానీ దాని వెన్నెముక నిటారుగా ఉంది.

ఇంతకీ మన ఊరు సినిమాల్లో ఎలా కనిపిస్తుంది? ఆర్కే బీచ్, కైలాసగిరి, భీమిలి రోడ్డు, ఒక పాట. ప్రేమికులు సముద్రం వైపు చూస్తారు, కెమెరా వాళ్ల వైపు చూస్తుంది. సరే, అందంగానే ఉంటుంది. కానీ ఈ ఊరిలో ప్రేమను పరీక్షకు పెట్టగల సంగతులు ఎన్నున్నాయో చూడండి.

ఆ సముద్రం సంగతే చూడండి. 1950ల్లో అమెరికా నుంచి లఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఏయూకు వచ్చి ఇక్కడి విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని అధ్యయనం చేశారు. మన తీరానికి ఎదురుగా నీళ్ల అడుగున ఉన్న లోయల్లో ఒకదానికి ఆంధ్రా అని విశ్వవిద్యాలయం పేరు, మరొకదానికి భూగర్భ శాస్త్ర ఆచార్యుడు మహదేవన్ గారి పేరు పెట్టారు. బీచ్ గోడ మీద కూర్చుని మురీ మిక్చరు తినే జంట చూస్తున్న నీళ్ల కిందే ఆ లోయలున్నాయి. అందులో ఒకరు సముద్ర శాస్త్రం విద్యార్థిని అయితే? నౌక మీద వారాల తరబడి వెళ్లాల్సిన పని ఉంటే? ఇంట్లో ఒప్పుకుంటారా, అతను ఒప్పుకుంటాడా? కథ అక్కడే మొదలవుతుంది.

ఇక ఉక్కు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రోడ్డెక్కినవాళ్లలో విద్యార్థులు ముందున్నారు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది. ఈనాడు ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని వాటి పేర్లు. బ్లాస్ట్ ఫర్నేసును మనకు కావలసినప్పుడు వెలిగించి అక్కర్లేనప్పుడు ఆర్పడం కుదరదు, రాత్రీపగలూ మండుతూనే ఉండాలి. అందుకే మూడు షిఫ్టులు. ఉక్కునగరం, గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్లలో నాన్న ఏ షిఫ్టులో ఉన్నాడన్న దాన్నిబట్టే ఇంటి గడియారం నడుస్తుంది. తండ్రి రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోతుంటే, ఇంట్లో అందరూ కాలివేళ్ల మీద నడుస్తుంటే, ఫోనులో గుసగుసగా మాట్లాడుకునే కూతురి ప్రేమకథలో ఎంత హాస్యం ఉంది! దాని వెనకే నాన్న ఉద్యోగం ఏమవుతుందన్న బెంగా ఉంది. ఏ బెంగా లేని ఊరిలో జరిగే కథకన్నా ఇది నూరు రెట్లు నవ్విస్తుంది, కదిలిస్తుంది కూడా.

ఇంకో సరుకు కూడా ఉంది, జపాన్‌తో కలిపేది. 1960లో భారత్, జపాన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం ఏటా 40 లక్షల టన్నుల చొప్పున జపాన్‌కు పంపడం అందులో భాగం. ఆ ఖనిజం రేవుకు చేరడానికే కొత్తవలస నుంచి కిరండుల్ దాకా తూర్పు కనుమల్ని తొలుచుకుంటూ రైలు మార్గం వేశారు. అరకు వెళ్లేటప్పుడు మనం సొరంగాలు లెక్కపెట్టుకునేది ఆ మార్గంలోనే. పెద్ద ఓడల కోసం 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. టోక్యో నుంచి వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు, వాల్తేరులో చదివే ఒక అమ్మాయి, మధ్యలో ఇద్దరికీ అంతంత మాత్రంగా వచ్చిన ఇంగ్లీషు. ఓడ నిండితే అతను వెళ్లిపోవాలి. ఇలాంటి కథ అనిమేగా రావాలో సినిమాగా రావాలో నేను చెప్పను. రాస్తే మాత్రం అందులో గడువు ఉంటుంది, అడ్డంకి ఉంటుంది, ఓటమికి దారి ఉంటుంది.

శ్రోతల్లో కథలు రాసే కుర్రవాళ్లు, షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు ఉంటారని నాకు తెలుసు. వాళ్లకు ఒక్క మాట. కాలేజీ ప్రేమకథ రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది, ఈ అమ్మాయి నిజంగా కాదంటే నా కథ ఏమవుతుంది? ఏమీ కాకపోతే, అతను పాటలు పాడుకుంటూ వెంటబడటమే మిగిలితే, ఆ కథ అప్పుడే చెడిందని అర్థం. రెండోది, వీళ్లు చదువుతున్న చదువు తీసేసి ఇంకో చదువు పెడితే ఏమైనా మారుతుందా? మారకపోతే విశ్వవిద్యాలయం ఎందుకు, బస్టాండు చాలు. మూడోది, ఇది విశాఖలో కాక ఇంకో ఊళ్లో జరిగినా ఇలాగే ఉంటుందా? ఉంటే, అసలు ఊరు చూడకుండానే రాశారన్నమాట.

రికెకోయ్ చూడొద్దని నేను చెప్పడం లేదు. పిల్లలు చూస్తుంటే పక్కన కూర్చుని చూడండి. గణితం పట్ల ఆసక్తి కలిగించే చిన్న చిన్న పాఠాలు అందులో ఉన్నాయి, అవి చక్కగానే చెప్పారు. కనాదే పాత్రలో, అందరిలా మామూలుగా ఉండాలన్న ఒత్తిడిలో ఒక నిజం తొంగి చూస్తుంది. కథ ఆమెది చేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. కానీ చూశాక, ఆ ఇద్దరిలో ఎవరైనా ఏ ఒక్క రోజైనా ఓడిపోయే ప్రమాదంలో పడ్డారా అని పిల్లల్ని అడగండి. వాళ్లు ఆలోచించి చెప్పే జవాబు ఏ సమీక్షకుడి మాటకన్నా మిన్న. ఎందుకంటే ప్రేమలో అయినా, పరిశోధనలో అయినా, తప్పు తేలితే ఒప్పుకోవడానికి సిద్ధపడినవాళ్ల కథే మనకు వినబుద్ధేస్తుంది.